దేహభాష – నాటక రచయిత: ఒక శిక్షణ శిబిరం లేవనెత్తిన ప్రశ్నలు

మన విమర్శకులు నాటకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు గాని చూడటం లేదు. ఒక నాటికను సమీక్షించవలసి వస్తే వస్తువు ఏమిటి, సంభాషణలు పదునుగా ఉన్నాయా, ముగింపు అభ్యుదయకరంగా ఉందా అనే మూడు ప్రశ్నలతో సరిపెట్టుకుంటాం. కౌలు రైతు పాత్రధారి వేదిక మీద ఎలా నిలబడ్డాడు, అప్పు అడగడానికి వచ్చినవాడి బరువు మడమల మీద ఉందా, మునివేళ్ళ మీద ఉందా అన్నది మనకు విమర్శ విషయంగా తోచదు. దీనికి కారణం లేకపోలేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన తర్వాత మన ప్రాంతంలో పోటీ నాటకాల సంప్రదాయం బలంగా వేళ్ళూనుకుంది. అది మనకు ఎందరో నటులను, రచయితలను ఇచ్చింది; ఆ మేలు కాదనలేం. అయితే పైన వేలాడే మైకుల కిందికి వచ్చి నిలబడి, సంభాషణ చెప్పి, పక్కకు తప్పుకునే ఒక అలవాటును కూడా అదే ఇచ్చింది. మైకు ఎక్కడ ఉందో పాత్ర అక్కడ ఉంటుంది. రచయిత కూడా ఆ మైకు కోసమే రాస్తాడు.

ఈ విషయం నాలో చాలాకాలంగా నలుగుతున్నదే. నా పూర్వ విద్యార్థి ఒకడు నాటక రచన నేర్చుకుందామని వెళ్ళి, పన్నెండు రోజులపాటు ఒక్క సంభాషణ కూడా రాయకుండా తిరిగి వచ్చిన సందర్భం దాన్ని వ్యాసంగా రాయించింది. అతను తెలుగు ఎం.ఎ. చదువుతున్నాడు, కథలు రాస్తాడు. వాళ్ళది రాజధాని కోసం 2015లో భూ సమీకరణ జరిగిన 29 గ్రామాల్లో ఒకటి. గుంటూరు సమీపంలో వేసవిలో జరిగిన ఆ శిబిరంలో ఇరవైమందికి పైగా చేరారు. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం దాకా శిక్షణ. అతను రోజూ నోటుబుక్కులో రాసుకున్నాడు. దాన్ని వాడుకోవడానికి నాకు అనుమతి ఇచ్చాడు. రెండు రోజులు నేను కూడా వెళ్ళి గోడ పక్కన కూర్చుని చూశాను.

ముందు ఆ విద్య ఏమిటో చెప్పాలి. దీన్ని ఇంగ్లీషులో ఫిజికల్ థియేటర్ అంటారు. 'భౌతిక రంగస్థలం' అని కొందరు తెలుగు చేస్తున్నారు గాని, ఆ మాట వింటే పదార్థ విజ్ఞాన శాస్త్రం గుర్తొస్తుంది. నేను 'దేహ నాటకం' అంటాను. మనకు ఆంగికం ఉండగా కొత్త పేరెందుకని సాహిత్య విద్యార్థులు వెంటనే అడుగుతారు. నాట్యశాస్త్రం ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలని అభినయాన్ని నాలుగుగా విభజించింది నిజమే. కాని శాస్త్రీయ నృత్యంలో ఆంగికానికి ఒక నిఘంటువు ఉంది. ఈ హస్తానికి ఈ అర్థం, ఈ చూపుకు ఈ భావం అని ముందే నిర్ణయమై ఉంటుంది. నేర్చుకునేవాడు ఆ నిఘంటువును ఒంటికి పట్టించుకుంటాడు. దేహ నాటకం నిఘంటువు లేకుండా మొదలవుతుంది. నీ ఒంట్లో ఇప్పటికే ఏయే అలవాట్లు పేరుకుని ఉన్నాయి, అవి ఎవరు వేసినవి, వాటిని కాసేపు పక్కన పెట్టగలవా అన్నది దాని మొదటి ప్రశ్న. అర్థం తర్వాత వస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఆలోచనకు ఒక చరిత్ర ఏర్పడింది. విప్లవానంతర రష్యాలో, 1920లలో, మేయర్‌హోల్డ్ 'బయోమెకానిక్స్' పేరుతో నటులకు వ్యాయామాలు రూపొందించాడు. నేర్పరి అయిన శ్రామికుడి కదలికలో వృథా ఉండదు, లయ ఉంటుంది, శరీరపు గురుత్వ కేంద్రం ఎక్కడుందో అతనికి తెలిసి ఉంటుంది. నటుడికీ అదే కావాలన్నది అతని వాదన. అమెరికాలో టేలర్ కార్మికుల కదలికలను క్షణాల్లో కొలిచింది యజమానికి ఎక్కువ పని రాబట్టడానికి. మేయర్‌హోల్డ్ ఆ కొలతనే కళ కోసం తీసుకున్నాడు. ఇందులోని వైరుధ్యం మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. అతన్ని 1939లో అరెస్టు చేసి 1940 ఫిబ్రవరిలో కాల్చి చంపారని, 1955లో నిర్దోషిగా ప్రకటించారని కూడా మనం చెప్పుకోవాలి. సోషలిజం పేరుతో జరిగింది కాబట్టి దాటవేయడం విమర్శ అనిపించుకోదు.

మేయర్‌హోల్డ్ వ్యాయామాల్లో ఒక సూత్రం రచయితలకు బాగా పనికొస్తుంది. ఏ పని చేసేముందైనా శరీరం దానికి వ్యతిరేక దిశలో కొద్దిగా కదులుతుంది. రాయి విసిరేవాడు ముందు వెనక్కి వంగుతాడు. ఎగిరేవాడు ముందు కుంగుతాడు. ప్రేక్షకుడు పనిని గుర్తించేది ఈ వెనకడుగులోనే. అమరావతి మహాచైత్యపు శిల్పాల్లో నాలాగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన పతకం ఉంది; ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకే వలయంలో మదించిన ఏనుగూ, మోకరిల్లిన ఏనుగూ రెండూ ఉంటాయి. బెదిరిన జనం ఒకరి మీదికొకరు ఒరిగిపోతుంటారు. ఆ శిల్పికి ఏ సిద్ధాంతం తెలుసో మనకు అనవసరం. మొదటి ఏనుగు లేకపోతే రెండో ఏనుగుకు అర్థం లేదన్నది అతను రాతిలో చెప్పాడు.

పారిస్‌లో 1956లో నాటక పాఠశాల తెరిచిన జాక్ లెకాక్ వ్యాయామ విద్య, క్రీడలు నేర్పే ఉపాధ్యాయుడిగా జీవితం మొదలుపెట్టినవాడు. ఏ భావమూ లేని తటస్థ ముఖపు ముసుగు తొడిగి విద్యార్థిని కదలమనేవాడు. ముఖం దాక్కుంటే వీపు మాట్లాడటం మొదలవుతుంది. పోలెండులో గ్రొటోవ్‌స్కీ 1959లో ఓపోలే పట్టణంలో మొదలుపెట్టిన ప్రయోగశాల అలంకరణనూ, సెట్టునూ, దీపాల ఆర్భాటాన్నీ తీసేసి నటుణ్ణీ ప్రేక్షకుణ్ణీ మాత్రమే మిగుల్చుకుంది. అతని 'పేద నాటకం' గురించిన పుస్తకం 1968లో వచ్చింది. అతని సహచరుడు యుజీనియో బార్బా 1963లో కేరళ కళామండలానికి వచ్చి కథకళి శిక్షణ చూసి వెళ్ళాడు. ఆ కసరత్తులు పోలెండు చేరాయి. 1969లో బాదల్ సర్కార్ అక్కడికి వెళ్ళి గ్రొటోవ్‌స్కీని కలిశాడు. అంటే మన దేశపు సరుకు ఒకటి పోలెండు చుట్టి బెంగాలుకు తిరిగి వచ్చిందన్నమాట. వృత్తిరీత్యా ఇంజనీరు, పట్టణ ప్రణాళికల నిపుణుడు అయిన సర్కార్ (1925–2011) తన 'శతాబ్ది' బృందంతో రంగమంటపం వదిలి హాళ్ళలోకీ మైదానాల్లోకీ వచ్చాడు. 'స్పార్టకస్', 'మిఛిల్', 'భోమా' నాటకాలు 1970లలో ఆ పద్ధతిలో తయారైనవే. సెట్టు లేదు గనుక మనుషులే చెట్లవుతారు, గోడలవుతారు, బస్సవుతారు. డబ్బు లేని బృందానికి ఇది సిద్ధాంతం కంటే ముందు అవసరం.

ఇక శిబిరం సంగతి.

మొదటి మూడు రోజులూ నడవమన్నారు, అంతే. హాలంతా పరుచుకుని, ఎవరూ ఎవరికీ తగలకుండా, ఖాళీ ఎక్కడుంటే అక్కడికి. మా వాడి నోటుబుక్కులో మొదటి రోజు కింద ఒకే వాక్యం ఉంది: "నాకు నడవడం రాదని తెలిసింది." పిల్లలకు ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న నాకు ఆ వాక్యం ఎంత నిజమో అక్కడ కూర్చున్నాక అర్థమైంది. ఒకడు భుజాలు ముందుకు వంచి, ఎవరో పెద్దవాళ్ళు ఎదురొస్తున్నట్టే నడుస్తాడు. ఇంకొకడు రోడ్డంతా తనదే అన్నట్టు చేతులు విసురుతాడు. ఒక అమ్మాయి పుస్తకాలు గుండెకు అదుముకున్నట్టు చేతులు కట్టుకుని నడిచింది. చేతుల్లో పుస్తకాలు లేవు. శిక్షకుడు ఆమెను ఏమీ అనలేదు. నేను మళ్ళీ ఆరో రోజు వెళ్ళేసరికి ఆ చేతులు కిందికి దిగి ఉన్నాయి. మనం కథల్లో 'బిడియంగా నడిచింది' అని రాసి చేతులు దులుపుకుంటాం. ఆ బిడియం ఏ కండరంలో ఉందో మనకు తెలియదు.

నాలుగో రోజు నుంచి నేలను ఒక సూది మొన మీద నిలబెట్టిన పెద్ద పలకగా ఊహించుకోమన్నారు. ఒకడు ఒక మూలకు వెళితే పలక ఒరుగుతుంది; ఎదురుగా ఇంకొకరు బరువు సర్దాలి. మొదట ఒకరికి ఒకరు. తర్వాత ఒకరికి ఎదురుగా ఇరవైమంది. ఆ ఒక్కడు అడుగు వేస్తే ఇరవైమందీ కలిసి అడుగు వేయాలి. ఆ ఇరవైమంది ముందుకు వస్తే అతను నిలవగలగాలి. ఇది లెకాక్ పాఠశాల నుంచి వచ్చిన అభ్యాసమే. చూస్తూ ఉంటే మన నాటకాల్లో 'జనం' పరిస్థితి నా కళ్ళ ముందు మెదిలింది. నాయకుడికి పేజీల కొద్దీ సంభాషణలు. కింద 'జనం: జై!' అని ఒక ముక్క. కార్మిక వర్గం చరిత్ర నిర్మాత అని వ్యాసాల్లో రాసే మనమే నాటకంలో దానికి ఒక్క అక్షరం ఇస్తాం. ఒక నాయకుడి బరువుకు ఎంతమంది జనం తూగాలి, జనం బరువు పెరిగినప్పుడు నాయకుడు ఎటు జరగాలి అన్న ప్రశ్న ఆ హాల్లో మాటలు లేకుండానే తేలింది. మా వాడు ఆ సాయంత్రం తన పాత నాటిక రాతప్రతిలో 'జనం' అన్న చోటల్లా గుండ్రంగా గీత పెట్టుకున్నాడట.

అయితే ఇదంతా హాయిగా సాగలేదు. ఐదో రోజుకు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయారు. ఇద్దరు ముగ్గురు మానేశారు. అర్ధ మండలంలో కూర్చుని కదలకుండా ఉండే అభ్యాసం జరిగిన రోజున అతను రాసుకున్నది: "అమ్మకు కూలి ఇచ్చి వంచుతారు. నేను డబ్బు కట్టి వంగుతున్నాను." ఈ వాక్యాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. శరీరాన్ని 'కనుగొనడం' అనేది ఒళ్ళు వంచి బతకనవసరం లేనివాళ్ళకే కొత్త అనుభవం అవుతుంది. మిరప కోతకు వెళ్ళే మనిషికి తన నడుము ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

బహుశా శిక్షకులకు కూడా ఈ ఎరుక ఉన్నట్టుంది. ఆరో రోజు 'మీ ఇంట్లో రోజూ చూసే పని ఒకటి చేసి చూపండి' అన్నారు. కొందరు స్కూటరు నడిపారు, కొందరు రొట్టె ఒత్తారు. మా వాడు మిరపకాయలకు తొడిమలు తీయడం చేశాడు. దాన్ని పదింతలు నెమ్మదిగా, తర్వాత పదింతలు పెద్దగా, తర్వాత చేతులు లేకుండా వీపుతో మాత్రమే చేయించారు. మిగిలినవాళ్ళు అతని వెనుక వరుసలు కట్టి అదే లయ అందుకున్నారు. నేను చూసినంతలో బలమైన ఘట్టం అదే. కోల్డ్ స్టోరేజీ ముందు పదుల కొద్దీ ఆడవాళ్ళు వరుసగా కూర్చున్న దృశ్యం, ఒక్క మాట లేకుండా, ఒక్క మిరపకాయ లేకుండా కళ్ళకు కట్టింది.

చివరి సాయంత్రం ఈ ఘట్టాన్ని ఇరవై నిమిషాల ప్రదర్శనగా పెంచి వాళ్ళ ఊళ్ళోనే, వేపచెట్టు కింద ఆడారు. వాళ్ళ ఊరి పొలాలు సమీకరణలో పోయాక కూలివాళ్ళు ఆటోలెక్కి పడమటి ఊళ్ళకు మిరప కోతకూ పత్తి తీతకూ పోతున్నారు. చూడవచ్చిన వాళ్ళలో సగంమంది వాళ్ళే. అందరూ మెచ్చుకున్నారు. అతని తల్లి మాత్రం తర్వాత అడిగిందట: "అందరూ చేత్తో మొహం తుడుసుకుంటారేందిరా? కాయలు పట్టిన చెయ్యి కంట్లో పడితే ఇంకేమన్నా ఉందా? భుజానికి తుడుసుకుంటాం గాని." నడుం వంపు గురించి కూడా ఆమె సరిదిద్దింది. వంగేది చేలో కోతలప్పుడు. కల్లంలో తాలుకాయలు ఏరేటప్పుడూ, తొడిమలు తీసేటప్పుడూ కూర్చునే చేస్తారు, నొప్పి నడుముకు కాదు మోకాళ్ళకు.

మొహాన్ని భుజానికి తుడుచుకోవడం. పన్నెండు రోజుల శిక్షణకు అందని సంజ్ఞ ఇది. బ్రెహ్ట్ 'గెస్టుస్' అన్న మాటతో చెప్పదలచింది దాదాపు ఇదే. ఒక మనిషి సామాజిక సంబంధమంతా ఇమిడి ఉన్న కదలిక. 1949లో బెర్లిన్‌లో 'మదర్ కరేజ్' పాత్రలో హెలెన్ వైగెల్ నోరు తెరిచి శబ్దం లేకుండా వేసిన కేకను నాటక చరిత్రకారులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కేక సంభాషణల్లో లేదు. భుజానికి తుడుచుకున్న మొహం కూడా మన ఏ కథలోనూ నాకు కనిపించలేదు, మిరప పొలాల మీద ఇన్ని కథలు వచ్చినా.

దేహ నాటకం పరాయి సరుకని పెదవి విరిచేవాళ్ళు తాడికొండ దగ్గరి పొన్నెకల్లును గుర్తు చేసుకోవాలి. షేక్ నాజర్ (1920–1997) పుట్టిన ఊరది. దూది ఏకే కులంలో పుట్టిన ఆయన తన ఆత్మకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకున్నాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను పట్టుకున్నప్పుడు ఆ రూపాన్ని శిఖరానికి చేర్చినవాడు నాజర్. దళాలకు శిక్షణ ఇచ్చినవాడు కూడా. బెంగాలు కరువు, పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఏ కథ చెప్పినా ఆయన పాడుతూనే ఆడాడు, ఆడుతూనే నటించాడు. మనం బుర్రకథను సాహిత్యంగా చదివి, అందులోని రాజకీయాన్ని మెచ్చుకుని వదిలేశాం. దాని యంత్రాంగం చూడండి. కథకుడి భుజాన తంబురా, చేతివేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు. అంటే తీగ, లోహం, అడుగు అనే మూడు లయలు ఒకే ఒంట్లో. చెరోపక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు. వంతలు 'తందాన' అందుకున్నప్పుడు కథకుడికి ఊపిరి దొరుకుతుంది. పల్లవి సంగీతం కోసమే పుట్టిందని పండితులు చెప్పవచ్చు. ఊపిరి కోసం కూడా పుట్టిందని రెండు గంటలు ఎగురుతూ కథ చెప్పినవాడికి తెలుసు. ఒక అడుగు ముందుకు వేస్తే కథకుడు సీతారామరాజు, ఒక అడుగు వెనక్కి వేస్తే మళ్ళీ కథకుడు. హాస్య వంత ప్రశ్న వేస్తాడు, రెండో వంత రాజకీయం చెబుతాడు. బ్రెహ్ట్ పరాయీకరణ అన్నది మనకు అర్థం కాకపోవడానికి కారణం అది మనకు మరీ పరిచితం కావడమే. 1954 నాటి 'అగ్గిరాముడు' సినిమాలో నాజర్ బుర్రకథ ఉంది. నేటి విద్యార్థులు దాన్ని ఒకసారి శబ్దం ఆపి చూడాలని నా కోరిక.

నాటక సమాజాల వైపు చూసినా బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు (1902–1971) ఉన్నాడు. సత్యభామగా ఆయన్ను చూసినవాళ్ళు గొంతు కంటే ముందు నడకను, మెడ తిప్పడాన్ని చెప్పుకునేవారు. తెలంగాణలో చిందు భాగవతం, ఆ తర్వాత 1972లో మొదలైన జననాట్యమండలి, గోచీ, గొంగడి, చేతికర్రతో గద్దర్ (1949–2023) వేసిన అడుగు, వీటిని పాటల చరిత్రలో మాత్రమే చేర్చి ఊరుకోవడం పొరపాటు. కాలు ఎప్పుడు నేలను తన్నిందో పాటలో ఆ మాటకే పదును వచ్చింది.

అభ్యంతరాలు ఉన్నాయి. రూపవాదం అన్నది మొదటిది; మన పత్రికల్లో ఇది పాత మాట, దీన్ని త్వరగానే దాటుతాను. కసరత్తు చేసినంత మాత్రాన నాటకం కాదు, నిజమే. నినాదం రాసినంత మాత్రాన కూడా కాదు. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో 'హల్లా బోల్' ఆడుతుండగా సఫ్దర్ హాష్మీ బృందం మీద దాడి జరిగింది. ఆయన మర్నాడు మరణించాడు. దాడి చేసినవాళ్ళు రాతప్రతి చదివి రాలేదు. వీధిలో నిలబడిన ఒళ్ళను చూసి వచ్చారు.

రెండో అభ్యంతరం బరువైనది, దానికి ఈ శిబిరాల దగ్గర ఇంకా సరైన జవాబు లేదు. ఈ శిక్షణలో సగం స్పర్శ మీద నడుస్తుంది. కళ్ళు మూసుకుని వెనక్కి పడితే తోటివాళ్ళు పట్టుకోవాలి; ఒకరి వీపు మీద ఒకరు బరువు మోపాలి. పారిస్‌లో ఇది నమ్మకానికి సంబంధించిన అభ్యాసం. కారంచేడు (1985), చుండూరు (1991) జరిగిన నేల మీద ఎవరు ఎవరిని తాకవచ్చు అన్నది ప్రాణాలు తీసిన ప్రశ్న. ఆ శిబిరంలో ఎవరూ ఎవరి కులమూ అడగలేదు; అడగకపోవడమే సమానత్వం అనుకున్నారు. కాని మొదటి రెండు రోజులూ జతలు ఎలా ఏర్పడ్డాయో, ఎవరి పక్కన ఖాళీ మిగిలిందో మా వాడి నోటుబుక్కులో పేర్లతో సహా ఉంది. ఆ పేర్లు నేను ఇక్కడ రాయను. మూడో రోజు శిక్షకుడు చీట్లు తీసి జతలు కట్టడంతో ఇబ్బంది తీరినట్టు కనిపించింది. తీరిందా, లేక ఒళ్ళు లోపలికి ముడుచుకుని కనిపించకుండా పోయిందా? ఇదే ఆ శిబిరంలో తయారు కావలసిన నాటకమని నా అభిప్రాయం. జతలు ఏర్పడుతున్న ఆ రెండు నిమిషాలనూ, ఒకడి పక్కన మిగిలిన ఆ ఖాళీనీ ప్రేక్షకుల ముందు పెట్టగలిగితే చాలు. ఆడపిల్లల విషయం ఇంకోలా ఉంది. వాళ్ళు 'ఇబ్బందిగా ఉంది' అని చెప్పి పక్కన కూర్చోవచ్చని మొదటి గంటలోనే ప్రకటించారు. ఇలాంటి శిబిరాలు పెట్టేవాళ్ళందరూ పాటించవలసిన పద్ధతి ఇది.

మూడోది మనకు సంబంధించింది. నటులంతా కలిసి కదలికల్లో నుంచి నాటకం తయారు చేసుకుంటే రచయిత ఏం చేయాలి? సర్కార్ స్వయంగా రచయిత. శిబిరాల్లో పుట్టినదాన్ని తిరిగి కాగితం మీదకు తెచ్చి కట్టినవాడు. పని పోతుందని భయపడనక్కరలేదు గాని, పని మారుతుంది. సంభాషణ రాసేముందు ఆ పాత్ర రోజులో ఎనిమిది గంటలు ఏ భంగిమలో ఉంటుందో రచయితకు తెలిసి ఉండాలి. పత్తి తీసే మనిషి చీర చెంగును ఒడిగా కట్టుకుంటుంది. ఒడి నిండేకొద్దీ నడక మారుతుంది. అప్పుడామె పలికే వాక్యం పొడవు కూడా మారాలి. ఎండిన కాయ మొనలు గీరుకున్న వేళ్ళతో డబ్బు లెక్కపెట్టే తీరు వేరు. ఇవి రంగ సూచనల్లో రాయవలసిన విషయాలు. మన రంగ సూచనలు 'కోపంగా', 'బాధగా', 'వ్యంగ్యంగా' అనే మూడు నాలుగు క్రియా విశేషణాల దగ్గర ఆగిపోయాయి.

మా వాడు ఇటీవల తన నాటికను తిరగరాసి నాకు పంపాడు. ఆడితే ముప్పై అయిదు నిమిషాలు వస్తుందంటాడు. సంభాషణలు నాలుగు పేజీలు కూడా లేవు. 'జనం' అన్న మాట ఎక్కడా లేదు. దాని బదులు పదకొండుమంది మనుషులు ఉన్నారు. ఒక్కొక్కరు ఏ పక్క నుంచి వస్తారు, ఏం మోసుకొస్తారు, ఎవరికి దారి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అన్నది వరుసగా రాశాడు. ఒక పరిషత్తు పోటీకి దాన్ని పంపితే, ఇది రచన కాదు, పూర్తి రాతప్రతి పంపండి అని జవాబు వచ్చింది. ఆ నాలుగు పేజీలను, రంగ సూచనలతో సహా, ఒక్క అక్షరం తగ్గించకుండా అచ్చు వేయమని ఈ పత్రిక సంపాదకులను కోరుతున్నాను.